ఒక్క స్పీకర్‌లో వినిపించని సరౌండ్ ఎవరి కోసం?

రాయపూర్‌లో ఇప్పుడు ఒక ఆడియో కార్యక్రమం తయారు చేయడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక జత హెడ్‌ఫోన్లు, ఉచితంగా దొరికే ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ఛత్తీస్‌గఢీ పాట కావచ్చు, పండవానీ గానం కావచ్చు, మలేరియా మాత్రల గురించిన ప్రచార సందేశం కావచ్చు, కళాశాల విద్యార్థుల పాడ్‌కాస్ట్ కావచ్చు, అన్నీ ఆ ఒక్క బల్ల మీదే పూర్తవుతాయి. ఒకప్పుడు ఆకాశవాణి కేంద్రంలోనో సినిమా రికార్డింగ్ థియేటర్‌లోనో మాత్రమే ఉండే పనిముట్లు మామూలు విద్యార్థి చేతికి రావడం నిస్సందేహంగా మంచి పరిణామం.

ఆ పనిముట్లలో అందరినీ ముందుగా ఆకర్షించేవి రెండు. ఒకటి, శబ్దం చుట్టూ కమ్ముకున్నట్టు వినిపించే ‘సరౌండ్’ ఎఫెక్ట్. రెండోది, ఒక ముక్క నుంచి మరో ముక్కకు జారుకునే ‘ట్రాన్సిషన్’. హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరౌండ్ బటన్ నొక్కగానే అప్పటిదాకా తల మధ్యలో ఇరుకుగా ఉన్న గొంతు హాలంతా నిండినట్టు విచ్చుకుంటుంది. ఆ క్షణంలో ఎడిటర్‌కు పని పూర్తయిందనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. అదే ఫైలు ఏ సుక్మా జిల్లా గ్రామంలోనో ఒక చిన్న ఫోన్ స్పీకర్‌లో మోగినప్పుడు గొంతు పలచబడవచ్చు, డబ్బాలోంచి వచ్చినట్టు మారవచ్చు. కొన్ని సందర్భాల్లో పూర్తిగా మాయం కావచ్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట.

ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో తరంగాల పాఠం చదివిన ఎవరికైనా అర్థమయ్యే విషయమే. అందుకే ప్రజల కోసం తయారయ్యే ఏ ఆడియోనైనా సరౌండ్‌లో విని మురిసిపోయే ముందు మోనోలో, అంటే ఒక్క స్పీకర్‌లో, విని తీరాలన్న నియమం స్టూడియోల్లోనూ తరగతి గదుల్లోనూ ప్రభుత్వ టెండర్లలోనూ స్థిరపడాలి.

చెవుల మధ్య అర మిల్లీసెకను

మనిషికి రెండే చెవులు. అయినా వెనక నుంచి వచ్చే లారీని, ఎడమ పక్క పిలిచిన మనిషిని కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాడు. ఎలా? ఎడమ వైపు నుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి కుడి చెవికి కాస్త ఆలస్యంగా వెళుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన రెండు చెవుల మధ్య ఆలస్యం ఎక్కువలో ఎక్కువ 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. దీనికి తోడు, అటువైపు చెవికి తల అడ్డుగా ఉంటుంది కాబట్టి అక్కడ శబ్దం కొంత తగ్గుతుంది. మంద్ర ధ్వనుల దిశను సమయం తేడాతోనూ, తార ధ్వనుల దిశను తీవ్రత తేడాతోనూ మెదడు పసిగడుతుందని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. రెండు మీటర్ల రబ్బరు గొట్టం తీసుకుని రెండు కొసలూ రెండు చెవుల దగ్గర పెట్టుకోవాలి. వీపు వెనక గొట్టం మధ్యలో మరొకరు పెన్సిల్‌తో మెల్లగా తట్టాలి. సరిగ్గా మధ్యలో తడితే శబ్దం తల మధ్యలో వినిపిస్తుంది. ఒక్క సెంటీమీటరు ఎడమకు జరిపి తడితే రెండు దారుల మధ్య తేడా 2 సెంటీమీటర్లు, అంటే సెకనులో దాదాపు లక్షకు ఆరో వంతుల ఆలస్యం. అంత చిన్న తేడాను కూడా చాలామంది పట్టుకోగలరు. రాయపూర్‌లోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం లాంటి చోట పిల్లలు ఆడుకుంటూ నేర్చుకోదగ్గ ప్రయోగమిది.

ఈ చెవి స్వభావాన్ని వాడుకోవడమే స్టీరియో, సరౌండ్‌ల కథంతా. 1881లో ప్యారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదే అనే ఇంజనీరు ఒపేరా వేదిక మీద ఉంచిన మైకుల నుంచి తీగలు లాగి, ఒక్కో శ్రోతకు రెండు టెలిఫోన్ రిసీవర్లు ఇచ్చి వినిపించాడు. శ్రోతలకు గాయకులు వేదిక మీద అటూ ఇటూ కదలడం తెలిసింది. 1931 డిసెంబరులో బ్రిటన్‌లో ఆలన్ బ్లమ్లైన్ స్టీరియో రికార్డింగ్‌కు పేటెంట్ దరఖాస్తు వేశాడు. ఆ తర్వాత సినిమా హాళ్లలో చుట్టూ స్పీకర్లు వచ్చాయి. నేడు 5.1 అని పిలిచే పద్ధతిలో అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక స్పీకర్ ఎదురుగా, రెండు ముందు చెరో 30 డిగ్రీల దగ్గర, మరో రెండు కాస్త వెనకగా చెరో 110 డిగ్రీల దగ్గర ఉంటాయి. చివరి ‘.1’ లోతైన మంద్ర ధ్వనుల కోసం ఉంచిన ప్రత్యేక చానెల్. ఇవన్నీ శ్రోత ఎక్కడ కూర్చుంటాడో, స్పీకర్లు ఎక్కడ ఉంటాయో ముందే తెలిసిన ఏర్పాట్లు. ఫోన్‌లో వినేవారి విషయంలో ఆ రెండూ తెలియవు.

మైనస్ గుర్తు చేసే పని

ఒకే మైకుతో రికార్డు చేసిన గొంతును సాఫ్ట్‌వేర్ ఎలా ‘వెడల్పు’ చేస్తుంది? ఎడమ, కుడి చానెళ్ల మధ్య ఏదో ఒక తేడా సృష్టించడం ఒక్కటే మార్గం. వాటిలో అతి సులువైన ఉపాయం, ఒక చానెల్‌లో తరంగాన్ని తలకిందులు చేయడం. శిఖరం ఉన్న చోట లోయ, లోయ ఉన్న చోట శిఖరం వస్తాయి. హెడ్‌ఫోన్లలో రెండు చెవులకూ విరుద్ధమైన కదలికలు అందడంతో శబ్దం ఎక్కడుందో మెదడు తేల్చుకోలేక, చుట్టూ ఉన్నట్టు భావిస్తుంది. కానీ ఒకే స్పీకర్ ఉన్న పరికరం రెండు చానెళ్లనూ కలిపేస్తుంది. శిఖరం మీద లోయ పడితే మిగిలేది సున్నా. విమానాల్లో వాడే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఇంజను రొదను అణచేది కూడా ఈ సూత్రంతోనే. అక్కడ అణగాల్సింది రొద, ఇక్కడ అణిగిపోతున్నది చెప్పదలచుకున్న మాట.

నమ్మకం కలగకపోతే చూడటం తేలిక. 2000 సంవత్సరంలో విడుదలై నేటికీ ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీలో ఒక గొంతు రికార్డింగ్ తీసుకోవాలి. అదే ట్రాక్‌కు నకలు చేసి, నకలుకు ‘ఇన్వర్ట్’ ఎఫెక్ట్ ఇచ్చి, రెండింటినీ కలిపి స్టీరియో ట్రాక్‌గా మార్చాలి. హెడ్‌ఫోన్లలో వింటే గొంతు విచిత్రంగా, విశాలంగా ఉంటుంది. తర్వాత ‘మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో’ నొక్కితే తెర మీద తరంగం పోయి ఒక సన్నని అడ్డగీత మిగులుతుంది.

ఏ ఎఫెక్టూ వాడకుండానే ఈ ప్రమాదం జరగవచ్చు. వృత్తి నిపుణులు వాడే మైకుల్లో తీగ వెంట వచ్చే గరగరను తగ్గించడానికి ఒకే సంకేతాన్ని రెండు తీగల మీద, ఒకదానిలో తలకిందులుగా పంపుతారు. దీన్ని బ్యాలెన్స్‌డ్ లైన్ అంటారు. అలాంటి తీగను సరిపడని అడాప్టర్‌తో స్టీరియో రికార్డర్‌లో దూర్చితే ఎడమ చానెల్‌లో మామూలు గొంతు, కుడి చానెల్‌లో తలకిందులైన గొంతు రికార్డవుతాయి. హెడ్‌ఫోన్లలో విన్నవారు ‘భలే సరౌండ్ వచ్చిందే’ అనుకుంటారు. ఫోన్‌లో విన్నవారికి ఏమీ వినిపించదు.

రెండో ఉపాయం ఆలస్యం. ఒక చానెల్‌ను కొన్ని మిల్లీసెకన్లు వెనక్కి జరుపుతారు. ముందుగా చేరిన శబ్దం దిశనే మెదడు నమ్ముతుందనీ, వెంటనే వచ్చే ప్రతిధ్వనిని విడి శబ్దంగా లెక్కించదనీ జర్మన్ పరిశోధకుడు హెల్మట్ హాస్ 1949లో చూపాడు. ఈ ఉపాయానికి ఆయన పేరే స్థిరపడింది. హెడ్‌ఫోన్లలో ఇది హాయిగా ఉంటుంది. మోనోలో కలిపితే మాత్రం కొన్ని పౌనఃపున్యాలు పూర్తిగా రద్దవుతాయి. ఆలస్యం 1 మిల్లీసెకను అయితే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర గుంటలు పడతాయి. గ్రాఫు గీస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టి దీన్ని ‘కోంబ్ ఫిల్టర్’ అంటారు. అచ్చుల గుర్తింపుకు కావలసిన ముఖ్యమైన స్వరాంశాలు ఉండేది ఈ ప్రాంతంలోనే.

సరౌండ్‌ను కనిపెట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు. 1970లలో వచ్చిన డాల్బీ స్టీరియో నాలుగు చానెళ్లను రెండు ట్రాకుల్లో ఇమిడ్చింది. వెనక స్పీకర్లకు వెళ్లాల్సిన శబ్దాన్ని రెండు ట్రాకుల్లో పరస్పరం తలకిందులుగా దాచింది. కాబట్టి మోనో హాలులో ఆ వెనక శబ్దం రద్దయిపోతుంది. ఇంజనీర్లు దీన్ని లెక్కలోకి తీసుకునే, సంభాషణలను ఎప్పుడూ మధ్య చానెల్‌లో ఉంచారు. వాన, గాలి, జనం గోల వంటి వాటినే వెనక్కి పంపారు. పోయినా కథ చెడనివే పోయే చోట ఉంచాలన్న ఆ వివేకం నేటి రెడీమేడ్ ఎఫెక్ట్ బటన్లలో ఉండదు. ఆ బటన్‌కు గొంతు, గాలి రెండూ ఒకటే.

ఛత్తీస్‌గఢ్ వింటున్న తీరు

ఈ చర్చకు రాయపూర్ ఎందుకు? శబ్దం తయారయ్యే చోటుకూ వినిపించే చోటుకూ మధ్య దూరం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రాజధాని నుంచి బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పుర్ దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి వెళితే సుక్మా, కొంటా, అవతల తెలుగు నేల. ఈ దారిలో ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ, దోర్లీ, తెలుగు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు దేశంలో దాదాపు 30 లక్షలు. భాషాశాస్త్రపరంగా అది తెలుగు ఉన్న ద్రావిడ శాఖకే చెందిన భాష. ఇన్ని లక్షల మంది ఉన్నా గోండీలో దినపత్రికలు, టీవీ వార్తలు అందుబాటులో లేని పరిస్థితిలో పుట్టిందే సీజీనెట్ స్వర.

బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ప్రారంభించిన ఈ వేదికకు కావలసింది మామూలు ఫోన్ మాత్రమే. ఒక నంబరుకు ఫోన్ చేస్తే, సందేశం రికార్డు చేయడానికి ఒక అంకె, ఇతరుల సందేశాలు వినడానికి మరో అంకె నొక్కమని గొంతు చెబుతుంది. చేతిపంపు పాడైందని, ఉపాధి కూలి రాలేదని, బడికి పంతులు రావడం లేదని గ్రామస్థులు తమ భాషలోనే చెప్పుకున్నారు. పాటలు పాడారు. ఆ మాటల వల్ల అధికారులు కదిలిన సందర్భాలున్నాయి. తర్వాత బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు ఫైళ్లు చేరవేసే ‘బుల్టూ రేడియో’ కూడా వచ్చింది. స్థానికుల నోట బ్లూటూత్ బుల్టూ అయింది.

ఈ మొత్తం వ్యవస్థ నడిచింది మోనోలో. సాధారణ టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్నే మోస్తుంది. సెకనుకు 8000 నమూనాలే తీసుకుంటుంది. అందుకే ఫోన్‌లో ‘ఎస్’ అంటే ‘ఎఫ్’ అని వినిపిస్తుంది, పేరు చెప్పడానికి ‘ఎస్ ఫర్ శ్రీశైలం’ అనాల్సి వస్తుంది. ఇంత సన్నని గొట్టంలోంచి కూడా చేతిపంపు కథ చెక్కుచెదరకుండా అధికారి చెవిన పడింది. గొంతు స్పష్టంగా ఉంటే పరికరం పేదదైనా పని జరుగుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రేడియో సంగతీ అంతే. మీడియం వేవ్ ప్రసారం మోనోలోనే ఉంటుంది. ఎఫ్.ఎం. స్టీరియోను రూపొందించినవారు పాత సెట్లున్న శ్రోతలను మరిచిపోలేదు. ప్రధాన సంకేతంలో ఎడమ, కుడి చానెళ్ల మొత్తాన్ని పంపి, వాటి తేడాను 38 కిలోహెర్ట్జ్‌ల ఉపవాహక తరంగం మీద విడిగా ఎక్కించారు. మోనో సెట్టు మొత్తాన్నే తీసుకుంటుంది. సంకేతం బలహీనపడితే చాలా స్టీరియో సెట్లు కూడా మోనో వైపే జారుకుంటాయి. అంటే తలకిందులు చేసి ‘వెడల్పు’ చేసిన గొంతు పెట్టె నుంచి బయటికే రాదు.

సందేశం రెండో భాషలో వింటున్నవారికి నష్టం ఇంకా ఎక్కువ. మాతృభాషలో సగం మాట చెవిన పడినా మిగతా సగం మెదడు పూరించుకుంటుంది. హిందీ రెండో భాషగా ఉన్న గోండు మహిళకో, రాయపూర్, భిలాయి రైల్వే, ఉక్కు కాలనీల్లో తెలుగు బంధువు పంపిన ఆడియో వింటున్న, అక్కడే పుట్టి పెరిగిన మూడో తరం పిల్లాడికో ఆ వెసులుబాటు తక్కువ. ‘రోజుకు రెండు’ అన్నది ‘రోజుకు మూడు’ అని వినిపిస్తే మాత్రల విషయంలో అది చిన్న పొరపాటు కాదు.

‘ఇప్పుడు అందరి దగ్గరా ఇయర్‌ఫోన్లున్నాయి కదా’

మోనో పాతకాలపు మాట అనేవారి వాదనలో కొంత నిజముంది. స్మార్ట్‌ఫోన్లు పల్లెలకు చేరాయి, ఇయర్‌ఫోన్లు చవకయ్యాయి. కానీ వాటిని జనం ఎలా వాడుతున్నారో గమనించాలి. బస్సులో ఇద్దరు స్నేహితులు ఒక జత ఇయర్‌ఫోన్లను పంచుకుని చెరొకటి పెట్టుకుంటారు. ఒకరికి ఎడమ చానెల్, మరొకరికి కుడి చానెల్. బండి నడిపేవారు ఒక్క చెవిలోనే పెట్టుకుంటారు. వంటింట్లో ఫోన్‌ను గిన్నెల పక్కన నిలబెట్టి వింటారు. రెండు స్పీకర్లున్న ఫోన్లలోనూ వాటి మధ్య దూరం ఒక జానెడు లోపే కాబట్టి, రెండింటి శబ్దమూ రెండు చెవులకూ కలిసే చేరుతుంది. ఒక చెవి వినికిడి కోల్పోయినవారి కోసమే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ మోనో ఆడియో సెట్టింగ్ ఉంది. ఆ సెట్టింగ్ పెట్టుకున్న శ్రోతకు మనం తయారు చేసిన ఫైలులో మాట ఉండాలి కదా.

ఈ సందర్భంలోనే కొన్నేళ్లుగా చలామణిలో ఉన్న ‘8డి ఆడియో’ గురించి చెప్పుకోవాలి. అందులో ఎనిమిది కొలతలేమీ లేవు. శబ్దం ప్రయాణించే ప్రదేశానికి ఉన్నవి మూడే. ఒక మామూలు పాటను ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు గుండ్రంగా తిప్పుతూ కాస్త ప్రతిధ్వని కలపడాన్నే ఆ పేరుతో అమ్ముతున్నారు. వినోదానికి వింటే తప్పు లేదు. కానీ విద్యార్థుల పాడ్‌కాస్టులో గొంతునే అలా తిప్పితే, ఒక్క చెవితో వింటున్న శ్రోతకు ప్రతి కొన్ని సెకన్లకూ మాట వచ్చి పోతుంటుంది. విజ్ఞానాన్ని ప్రచారం చేయాల్సినవారే లేని ఐదు కొలతలను ప్రచారం చేయడం మరో విడ్డూరం.

చెవి ఆకారం వల్ల శబ్దంలో వచ్చే మార్పులను లెక్కగట్టి హెడ్‌ఫోన్లలో ముందు, వెనక, పైన అన్న భ్రాంతి కలిగించే నిజమైన సాంకేతికత వేరే ఉంది. అది గంభీరమైన శాస్త్రం. అక్కడ కూడా ఒక పరిమితి ఉంది. వేలిముద్రల్లా చెవి మడతలు మనిషికో తీరుగా ఉంటాయి. ఒకరి చెవి కొలతలతో చేసిన లెక్క మరొకరికి ముందున్న శబ్దాన్ని వెనకున్నట్టు చూపవచ్చు.

ముక్కల మధ్య అతుకు

ట్రాన్సిషన్ల విషయానికొస్తే, అక్కడ కూడా బటన్ వెనక గణితం ఉంది. తరంగాన్ని నడుమ శిఖరం దగ్గర కోసి మరో ముక్క అతికిస్తే ‘టప్’మని చప్పుడు వస్తుంది. స్పీకర్ పొర ఒక్కసారిగా ఒక చోటు నుంచి మరో చోటుకు దూకాల్సి రావడమే దానికి కారణం. తరంగం సున్నాను దాటే చోట కోయడం, లేదా రెండు మూడు మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వడం దీనికి మందు.

ఒక ముక్క తగ్గుతుండగా మరొకటి పెరిగే క్రాస్‌ఫేడ్‌లో ఇంకో ఎంపిక ఎదురవుతుంది. ఆడాసిటీలో అది ‘కాన్‌స్టెంట్ గెయిన్’, ‘కాన్‌స్టెంట్ పవర్’ అని రెండు పేర్లతో కనిపిస్తుంది. మొదటిదానిలో సరిగ్గా మధ్యలో రెండు ముక్కలూ సగం ఎత్తులో ఉంటాయి. శక్తి ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఒక్కోదాని శక్తి పావు వంతు. సంత సందడి, నది హోరు లాంటి పరస్పర సంబంధం లేని శబ్దాలయితే మొత్తం శక్తి సగానికి, అంటే 3 డెసిబెల్స్ మేర, పడిపోయి మధ్యలో చిన్న లోటు వినిపిస్తుంది. రెండోదానిలో మధ్య ఎత్తు 0.707. దాని వర్గం సగం, రెండు సగాలు కలిస్తే ఒకటి. లోటుండదు. కానీ ఒకే రికార్డింగ్‌కు చెందిన రెండు ఒకేలాంటి ముక్కలను ఇలా అతికితే మధ్యలో 3 డెసిబెల్స్ ఉబ్బు వస్తుంది. అక్కడ మొదటి పద్ధతే సరైనది. ఏది అందంగా ఉందన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు, కలిపే శబ్దాల స్వభావాన్ని బట్టి సమాధానం వస్తుంది.

మాటల కార్యక్రమాల్లో మరో సూత్రం పాటించాలి. ఒకరి మాట తోక మీద మరొకరి మాట తల పడకూడదు. సంగీతంలో క్రాస్‌ఫేడ్ అందం, సమాచారంలో అదే అడ్డంకి. గుడి మండపంలాంటి దీర్ఘమైన ప్రతిధ్వని కలిపి వాక్యాన్ని ముగిస్తే, ఆ ప్రతిధ్వని తర్వాతి వాక్యంలోని క, ట, త, ప వంటి పొట్టి హల్లులను మింగేస్తుంది. అచ్చులు బలమైనవి, దీర్ఘమైనవి. హల్లులు క్షణికమైనవి, బలహీనమైనవి. అర్థాన్ని మోసేది ఎక్కువగా ఈ బలహీనులే. చోటు మారిందని చెప్పడానికి అర సెకను నిశ్శబ్దం, దాని వెంట కొత్త చోటి సహజ ధ్వని చాలు. బడి గంట మోగితే బడికి వచ్చామని శ్రోతకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే సరౌండ్ అక్కర్లేదా?

అక్కరే. కాకపోతే చోటుకు అర్థం ఉన్నప్పుడు. ఛత్తీస్‌గఢ్ గర్వించే పండవానీనే తీసుకోవచ్చు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్‌బాయి లాంటి కళాకారులు తంబూరా చేతబట్టి మహాభారత కథ పాడుతుంటే, పక్కన కూర్చున్న ‘రాగీ’ ఊఁ కొడుతూ, మధ్య మధ్య ప్రశ్నలు వేస్తూ కథను నడిపిస్తాడు. తెలుగువారికి ఇది కొత్త కాదు. బుర్రకథలో కథకుడు మధ్యలో, ఇద్దరు వంతలు చెరో పక్కా నిలుస్తారు. ఇవి పుట్టుకతోనే స్టీరియో కళలు. కథకుడిని నడిమిలో, రాగీనో వంతలనో కాస్త పక్కకు, ప్రేక్షకుల చప్పట్లను వెనకాల ఉంచి రికార్డు చేస్తే హెడ్‌ఫోన్లలో వినేవారు ఆ ప్రాంగణంలోనే కూర్చున్నట్టుంటుంది. ఇందులో మాయ లేదు, నిజమైన చోటుకు నిజమైన ప్రతిబింబమే ఉంది.

ఇలా చోటును ‘ప్యానింగ్’తో, అంటే ఎడమ కుడి చానెళ్ల మోతాదుతో, అమర్చిన రికార్డింగ్ మోనోలో కూడా చెడదు. మధ్యలో ఉన్న గొంతు రెండు చానెళ్లలో సమానంగా ఉంటుంది కాబట్టి సగటు తీసినా తగ్గదు. పూర్తిగా ఒక పక్కకు నెట్టిన శబ్దం మాత్రం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, మాయం కాదు. అంటే ఫోన్‌లో వినేవారికి కథ పూర్తిగా అందుతుంది, హెడ్‌ఫోన్లలో వినేవారికి కథతోపాటు ప్రాంగణమూ అందుతుంది. ఇద్దరు శ్రోతలకూ న్యాయం చేసే దారి ఉండగా, ఒకరి చెవి కోసం మరొకరి మాటను బలిచేయడానికి సాకు లేదు.

చేయవలసినవి

పరీక్ష చాలా చిన్నది. ఎగుమతి చేసే ముందు ట్రాక్ నకలును మోనోగా మార్చి వినాలి. ఫైలును మామూలు ఫోన్‌లోకి పంపి, ఫ్యాను తిరుగుతున్న గదిలో, చేయి చాచినంత దూరంలో ఉంచి, మొదటిసారి వింటున్న మరొకరికి వినిపించాలి. విన్నది తిరిగి చెప్పమనాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండే కోరిలేషన్ మీటరును గమనించాలి. సూచిక +1 దగ్గరుంటే రెండు చానెళ్లూ ఒకటే, సున్నా దగ్గరుంటే వాటికి సంబంధం లేదు, −1 వైపు వెళితే మోనోలో నష్టం ఖాయం. మాటలు మాత్రమే ఉన్న కార్యక్రమాన్ని అసలు మోనోలోనే విడుదల చేయడం మేలు. కుదించని 16 బిట్ల, 44,100 నమూనాల స్టీరియో ఫైలు నిమిషానికి దాదాపు 10.6 మెగాబైట్లు తీసుకుంటే, మోనో ఫైలుకు అందులో సగం చాలు. కుదించిన ఫైళ్లలోనూ మోనోకు తక్కువ డేటా సరిపోతుంది. బలహీనమైన నెట్‌వర్క్ ఉన్న ఊళ్లో ఆ పొదుపు కూడా ఒక సేవే.

ఇది వ్యక్తుల శ్రద్ధకు మాత్రమే వదిలేయదగ్గ విషయం కాదు. రాయపూర్‌లో జర్నలిజం కోసమే కుషాభావూ ఠాక్రే పేరిట ఒక విశ్వవిద్యాలయం ఉంది, ఇంజనీరింగ్ విద్యకు ఎన్.ఐ.టి. ఉంది. ఒకచోట మాట నేర్పుతారు, ఒకచోట తరంగం నేర్పుతారు. రెండు చోట్ల విద్యార్థులూ ఒకే ల్యాబులో కూర్చుని ఒక ఆరోగ్య సందేశాన్ని హెడ్‌ఫోన్లలోనూ ఫోన్‌లోనూ విని పోల్చే వారం రోజుల పాఠం పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ప్రభుత్వ శాఖలు ఆడియో సందేశాలు చేయించుకునేటప్పుడు నిడివి, భాష, సంగీతం గురించి షరతులు రాసినట్టే ‘ఒక్క స్పీకర్‌లో ప్రతి మాటా స్పష్టంగా వినిపించాలి’ అని ఒక్క వాక్యం చేర్చాలి. ఆ వాక్యం ఉంటే పరీక్ష చేసే బాధ్యత తయారుచేసినవారి మీద పడుతుంది, డబ్బు చెల్లించే ముందు అడిగే హక్కు శాఖకు వస్తుంది. విజ్ఞాన కార్యక్రమాలకు నిధులిచ్చే సంస్థలు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బటన్లన్నీ నేర్చుకోవాల్సిందే. వాటి వెనకున్న తరంగాన్ని అర్థం చేసుకున్న విద్యార్థికి ఏ బటన్ ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. అలా నేర్చుకున్న ఎడిటర్ చేసిన మలేరియా సందేశం మల్టీప్లెక్సులో మోగినా, కొంటా దగ్గర వారపు సంతలో ఎవరి జేబులోని ఫోన్‌లో మోగినా, ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకోవాలో విన్నవారికి తెలియాలి.